అడవి ఎందుకు కాలుతోంది?

అమెజాన్ నుంచి మన వంటింటి దాకా – కార్యకారణ సూత్రంతో ఒక అధ్యయనం



ధమ్మ అధ్యయన తరగతిలో బ్రెజిల్ అడవుల పాఠం ఏమిటని మీకు అనిపించవచ్చు. పంచశీల గురించో, అష్టాంగ మార్గం గురించో మాట్లాడుకోవాల్సిన చోట ఆవులు, సోయా, పామాయిల్, పెట్రోలు ఎందుకు వచ్చాయి?

కారణం చెబుతాను. ధమ్మంలో మనం మొట్టమొదట నేర్చుకునేది కార్యకారణ సూత్రం. పాళీలో దాన్నే పటిచ్చ సముప్పాదం అంటారు. ఏదీ ఊరికే పుట్టదు. దేవుడి కోపం వల్లనో, తలరాత వల్లనో జరగదు. ప్రతి దుఃఖానికీ కారణాలుంటాయి. ఆ కారణాల్ని తొలగిస్తే దుఃఖం ఆగుతుంది. ఈ సూత్రాన్ని మన మనసు మీద మాత్రమే పెట్టి చూసుకుని, లోకాన్ని వదిలేస్తే సగం పాఠమే చదివినట్టు. అడవి తగలబడటం కూడా దుఃఖమే. దానికీ కారణాలున్నాయి. వాటిని వెతకనివాడు "అంతా కలికాలం" అని నిట్టూర్చి ఊరుకుంటాడు. ధమ్మం చదివినవాడు అలా ఊరుకోడానికి వీల్లేదు.

అందుకని ఈ పాఠాన్ని నాలుగు ఆర్యసత్యాల వరుసలోనే చదువుదాం. దుఃఖం ఏమిటి? దాని కారణం ఏమిటి? అది ఆగుతుందా? ఆగే దారి ఏది?

మొదటి సత్యం: ఏం జరుగుతోంది?

అమెజాన్ అడవి దక్షిణ అమెరికాలో ఉంది. విస్తీర్ణం సుమారు 55 లక్షల చదరపు కిలోమీటర్లు. మన భారతదేశం మొత్తం 33 లక్షల చదరపు కిలోమీటర్లకు లోపే. అంటే మన దేశాన్ని ఒకటిన్నర సార్లు పరిచినా ఇంకా మిగిలేంత అడవి. అందులో 60 శాతం దాకా ఒక్క బ్రెజిల్‌లోనే ఉంది.

బ్రెజిల్ అంతరిక్ష పరిశోధన సంస్థ ఏటా ఉపగ్రహ చిత్రాలు చూసి, అమెజాన్‌లో ఎంత అడవి పోయిందో లెక్క చెబుతుంది. 2004లో పోయిన అడవి 27 వేల చదరపు కిలోమీటర్లు దాటింది. 2012లో అది సుమారు 4,600కు తగ్గింది. 2021లో మళ్లీ 13 వేలకు ఎగబాకింది. మన ఉమ్మడి నెల్లూరు జిల్లా విస్తీర్ణం సుమారు 13 వేల చదరపు కిలోమీటర్లు. అంటే ఆ ఒక్క ఏడాదిలో ఒక నెల్లూరు జిల్లా అంత అడవి మాయమైంది. నెల్లూరు పేరు ఊరికే తీయలేదు, ఎందుకో కాసేపట్లో చూస్తారు. 2024లో అది 6,300 దగ్గరికి దిగింది. ఈ నాలుగు అంకెల్ని గుర్తుపెట్టుకోండి. మూడో సత్యం దగ్గర వీటితో పని ఉంది.

అడవి పోతే ఏమవుతుంది? చెట్లు పోతాయి, అంతేనా? కాదు.

మొదటిది, వాన పోతుంది. వాన పడితే అడవి పెరుగుతుందని మనకు తెలుసు. అడవి ఉంటే వాన పడుతుందన్నది రెండో సగం. అమెజాన్‌లో ఒక పెద్ద చెట్టు వేళ్లతో నీటిని తోడి, ఆకుల నుంచి రోజుకు వందల లీటర్ల నీటిని ఆవిరిగా గాలిలోకి వదులుతుంది. ఆ ఆవిరే మేఘమై మళ్లీ అడవి మీదే కురుస్తుంది. మిగిలిన తేమ గాలితోపాటు దక్షిణానికి కదిలి దక్షిణ బ్రెజిల్, పరాగ్వే, ఉత్తర అర్జెంటీనా పొలాల మీద పడుతుంది. శాస్త్రవేత్తలు వీటికి ఎగిరే నదులని పేరు పెట్టారు. అడవి నరికితే ఈ నదులు ఎండుతాయి. 2023 కరువులో మనౌస్ నగరం దగ్గర రియో నీగ్రో నది, కొలతలు మొదలయ్యాక ఎన్నడూ లేనంత కిందికి దిగింది. తెఫే అనే సరస్సులో నీటి వేడి 39 డిగ్రీలు దాటింది. వందకు పైగా డాల్ఫిన్లు చచ్చి తేలాయి. ఆ మరుసటి ఏడాది నీగ్రో ఇంకా దిగిపోయింది.

రెండోది, చెట్టులో దాగిన బొగ్గు గాలిలోకి లేస్తుంది. చెట్టు తన మానులో, వేరులో కార్బన్‌ని దాచి ఉంచుతుంది. కాల్చితే అదంతా కార్బన్ డయాక్సైడై పైకి పోతుంది, భూమిని వేడెక్కిస్తుంది. అమెజాన్ "భూమికి ఊపిరితిత్తులు", లోకానికి 20 శాతం ప్రాణవాయువు అదే ఇస్తుంది అని చాలామంది అంటుంటారు. అది సరైన మాట కాదు. అడవి తయారుచేసే ప్రాణవాయువును దాదాపుగా ఆ అడవే వాడేసుకుంటుంది. అడవి విలువ అది దాచిపెట్టిన కార్బన్‌లో, కురిపించే వానలో, బతికించే ప్రాణుల్లో ఉంది. మంచి పని కోసమైనా తప్పు లెక్క చెప్పకూడదు. సమ్యక్ దృష్టి అంటే ఉన్నది ఉన్నట్టు చూడటమే గదా.

మూడోది, నేల చస్తుంది. అంత దట్టమైన అడవి ఉందంటే కింద నేల ఎంత సారవంతమో అనుకుంటాం. కానీ అక్కడ చాలాచోట్ల నేల పలచన. సారమంతా చెట్లలోనే ఉంటుంది. ఆకు రాలుతుంది, కుళ్లుతుంది, వేరు దాన్ని మళ్లీ పైకి లాక్కుంటుంది. చెట్టు కొట్టేసి కాలిస్తే బూడిదతో రెండు మూడేళ్లు పచ్చిక బాగా వస్తుంది. తర్వాత వానకు సారం కొట్టుకుపోతుంది, నేల గట్టిపడుతుంది. అప్పుడు ఇంకొంచెం అడవి నరుకుతారు.

నాలుగోది, పొగ. 2019 ఆగస్టు 19న సావో పాలో మహానగరంలో మధ్యాహ్నం మూడింటికే చీకటి పడింది. ఎక్కడో వేల కిలోమీటర్ల అవతల కాలుతున్న అడవుల పొగ మేఘాలతో కలిసి వచ్చింది. కార్యం కారణానికి ఎంత దూరంలో కనిపిస్తుందో చెప్పడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కర్లేదు.

ఇప్పటికే అమెజాన్‌లో ఆరో వంతు దాకా పోయింది. 20 నుంచి 25 శాతం పోతే మిగిలిన అడవి తన వానను తాను తెచ్చుకోలేక చాలా భాగం గడ్డిబీడుగా మారిపోవచ్చని థామస్ లవ్‌జాయ్, కార్లోస్ నోబ్రే అనే శాస్త్రవేత్తలు 2018లో హెచ్చరించారు. అప్పుడిక ఎవరూ గొడ్డలి ఎత్తనక్కర్లేదు.

రెండో సత్యం: కారణం ఏమిటి?

మొదటి చూపుకి కనిపించే కారణం రంపం, అగ్గిపెట్టె. రంపం పట్టింది కూలీ. కూలీని పెట్టింది ఎవరు? ఎందుకు పెట్టాడు? ఆ సరుకు ఎవరు కొంటున్నారు? ఒక్కొక్క కొక్కెం విప్పుకుంటూ వెళదాం.

ఒకటి: పశువుల క్షేత్రాలు

అమెజాన్‌లో నరికేసిన నేలలో అత్యధిక భాగం ఇవాళ పశువుల పచ్చికబయలే. బ్రెజిల్ జనాభా సుమారు 20 కోట్లు. పశువులు అంతకన్నా ఎక్కువ. ప్రపంచంలో అందరికంటే ఎక్కువ గొడ్డు మాంసం ఎగుమతి చేసే దేశం అదే. అన్నింటికన్నా పెద్ద కొనుగోలుదారు చైనా.

ఈ కథ 1960ల్లో, 70ల్లో ఊపందుకుంది. 1964లో అక్కడ సైనిక ప్రభుత్వం వచ్చింది. అమెజాన్ ఖాళీగా పడి ఉందని, దాన్ని నింపాలని ఆ పాలకులు తీర్మానించారు. ఖాళీ ఎక్కడిది? ఆదివాసీలున్నారు, రబ్బరు పాలు తీసి బతికే కుటుంబాలున్నాయి. వాళ్లు పాలకుల లెక్కలోకి రాలేదు. 1970లో అడవిని చీల్చుకుంటూ ట్రాన్స్ అమెజాన్ రహదారి మొదలుపెట్టారు. కరువు ప్రాంతాల నుంచి పేద రైతుల్ని తెచ్చి రోడ్డు పక్కన దింపారు. పెద్ద కంపెనీలకు పన్ను రాయితీలిచ్చి పశువుల క్షేత్రాలు పెట్టించారు. పేదవాడు నరికి సాగు చేసిన నేల నాలుగేళ్లకు సారం చచ్చింది. అతను అమ్ముకుని ఇంకా లోపలికి పోయాడు. కొన్నది పశువుల ఆసామి.

ఇక్కడొక మర్మం ఉంది. అడవిలో ఆవును తోలేది మాంసం కోసం మాత్రమే కాదు, నేలను ఆక్రమించడానికి. నరికి, పచ్చిక వేసి, నాలుగు ఆవుల్ని వదిలితే "ఈ భూమి నేను సాగు చేస్తున్నా" అని చెప్పుకోవచ్చు. దొంగ కాగితం పుట్టించవచ్చు. రేటు పెరిగాక అమ్ముకోవచ్చు. అక్కడ దొంగ పట్టాలు పుట్టించే పనికి ఉన్న పేరు కీచురాయి అనే మాట నుంచి వచ్చిందట. కొత్త కాగితాన్ని కీచురాళ్లతో కలిపి పెట్టెలో పెడితే, కొన్నాళ్లకు పసుపుపచ్చగా మారి పాత దస్తావేజులా కనబడేదని చెబుతారు. మన దగ్గర అసైన్డ్ భూముల కాగితాలు చేతులు మారిన పద్ధతి తెలిసినవాళ్లకు ఇది కొత్తగా ఉండదు.

ఇప్పుడు నెల్లూరు సంగతి. బ్రెజిల్ మాంసపు పశువుల్లో అత్యధికం "నెలోర్" జాతివి, లేదా దాని సంకరం. ఆ నెలోర్ ఎవరో కాదు, మన ఒంగోలు జాతే. ఒంగోలు ప్రాంతం అప్పట్లో మద్రాసు ప్రెసిడెన్సీ నెల్లూరు జిల్లాలో ఉండేది, అందుకే ఆ పేరు. 19వ శతాబ్దంలో మొదలై 1960ల దాకా మన తీరం నుంచి ఆ పశువులు ఓడలెక్కి వెళ్లాయి. ఎండకు తట్టుకుంటాయి, రోగాలకు తట్టుకుంటాయి, ఎండుగడ్డి తిని బతుకుతాయి. ఆ గుణాలే వాటిని అక్కడ రాజుల్ని చేశాయి. ఈ మధ్య వియాటినా-19 అనే నెలోర్ ఆవు విలువ 40 కోట్ల రూపాయలు పలికిందని మన పత్రికలు గర్వంగా రాశాయి. మనమూ చదివి సంతోషించాం. ఆ జాతి మందలు ఏ నేల మీద మేస్తున్నాయని మాత్రం అడగలేదు.

ఒంగోలు గిత్త మన ఊళ్లో ఎలా బతికింది? వరిగడ్డి, జొన్న చొప్ప, కాస్త తెలగపిండి. దుక్కి దున్నింది, బండి లాగింది, పేడ ఇచ్చింది. మనిషి తినలేనిది తిని, మనిషికి కావలసింది ఇచ్చింది. దాని కోసం ఎవరూ అడవి నరకలేదు. అదే జాతి అక్కడ అడవి పోవడానికి కారణమైంది. కాబట్టి దోషం పశువులో లేదు. ఆ పశువును ఏ ఆశ వెనక తోలుతున్నారన్నదే ప్రశ్న.

పశువులు నెమరు వేసేటప్పుడు మీథేన్ అనే వాయువు కూడా వస్తుంది. వందేళ్ల లెక్కలో చూస్తే అది కార్బన్ డయాక్సైడ్ కంటే 27 రెట్లు వేడిని పట్టి ఉంచుతుంది. అంటే అడవి కాల్చినప్పుడు ఒక దెబ్బ, ఆ నేల మీద మంద మేసినంత కాలం రెండో దెబ్బ.

రెండు: సోయా

సోయా అనగానే మనకు మీల్‌మేకర్ గుర్తొస్తుంది. కానీ ప్రపంచంలో పండే సోయాలో ఎక్కువ భాగం చైనా, యూరప్ వంటి చోట్ల కోళ్లకు, పందులకు దాణాగా పోతుంది. సోయా రైతు చాలాసార్లు నేరుగా అడవి నరకడు. పాత పచ్చికబయలు కొంటాడు. అమ్మినవాడు ఆ డబ్బుతో ఇంకా లోపల నాలుగింతల అడవి కొని నరుకుతాడు. సోయా చేతులకు మసి అంటదు, అడవి మాత్రం కాలుతుంది. కారణం ఎప్పుడూ పక్కనే నిలబడి ఉండదని గుర్తుంచుకోండి.

మూడు: జీవ ఇంధనాలు

ఇది అన్నింటికన్నా తికమక పెట్టే కొక్కెం. ఎందుకంటే దీన్ని తెచ్చింది పర్యావరణం పేరు చెప్పి.

1973లో చమురు ధరలు మండాక బ్రెజిల్ 1975లో చెరకు నుంచి ఇథనాల్ తీసి కార్లకు వాడే పథకం పెట్టింది. 2009లో యూరోపియన్ యూనియన్, 2020 నాటికి రవాణా ఇంధనంలో పదో వంతు పునరుత్పాదకం కావాలని నియమం చేసింది. మాట వినడానికి బాగుంది. పంట పెరిగేటప్పుడు గాలిలోని కార్బన్ పీల్చుకుంటుంది, కాలినప్పుడు అదే వదులుతుంది, లెక్క సరి అన్నారు.

అడగాల్సిన ప్రశ్న ఒక్కటే. ఆ పంట ఏ నేల మీద పండింది? 2008లో సైన్స్ పత్రికలో వచ్చిన ఒక అధ్యయనం ఈ లెక్క వేసింది. అడవి నరికి పంట వేస్తే, ముందుగా ఆ అడవిలోని కార్బన్ గాలిలోకి పోతుంది. అది అప్పు. ఏటా పంట ఇంధనంతో కొంచెం కొంచెం తీర్చాలి. ఇండొనేషియా, మలేషియాల్లో పీట్ నేలల మీది అడవి నరికి వేసిన పామాయిల్ డీజిల్‌తో ఆ అప్పు తీరడానికి 420 ఏళ్లు పడుతుంది. అమెజాన్ అడవి నరికి వేసిన సోయా డీజిల్‌తో 320 ఏళ్లు. మన మనవల మనవలకు కూడా తీరని అప్పు అది.

పీట్ నేల అంటే వేల ఏళ్లుగా ఆకూ అలమూ నీళ్లలో సగం కుళ్లి, మీటర్ల లోతున పేరుకున్న నేల. కాలువలు తవ్వి ఎండగడితే అది బొగ్గులా అంటుకుంటుంది, నేల కిందనే వారాల తరబడి రాజుకుంటుంది. 2015లో ఇండొనేషియాలో 26 లక్షల హెక్టార్లు కాలాయి. ఆ పొగకు సింగపూర్, మలేషియాల్లో బడులు మూశారు.

బ్రెజిల్‌లో ఇంకో విషయం చూడండి. అక్కడ బయోడీజిల్‌కు మొదటి ముడిసరుకు సోయా నూనె. తర్వాతి ముఖ్యమైన ముడిసరుకుల్లో ఒకటి పశువుల కొవ్వు. అంటే మందా, పంటా, పెట్రోలు బంకూ వేరువేరు కథలు కావు. ఒకే గొలుసులో మూడు లంకెలు.

మన సంగతి? ప్రపంచంలో అందరికంటే ఎక్కువ పామాయిల్ దిగుమతి చేసుకునే దేశం మనదే. ఎక్కువగా వచ్చేది ఇండొనేషియా, మలేషియాల నుంచి. కాకినాడ, కృష్ణపట్నం రేవుల దగ్గరున్న రిఫైనరీల్లో శుద్ధయి మన పొయ్యి మీదికి, మన బిస్కెట్ లోకి, సబ్బులోకి వస్తుంది. మన దగ్గర పండే ఆయిల్‌పామ్ కథ వేరు. అశ్వారావుపేట, పెదవేగి వైపు తోటలు ఎక్కువగా సాగుభూముల్లో వేసినవే. వాటిని అమెజాన్‌తో సమానం చేస్తే అది న్యాయం కాదు. అక్కడ అడగాల్సిన ప్రశ్న అడవి గురించి కాదు, బోరు నీటి గురించి.

ఇథనాల్ లెక్క కూడా చూద్దాం. టన్ను మొక్కజొన్న నుంచి సుమారు 380 లీటర్ల ఇథనాల్ వస్తుంది. 40 లీటర్ల ట్యాంకు నిండా 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు పోయిస్తే, అందులో 8 లీటర్ల ఇథనాల్, అంటే 21 కిలోల మొక్కజొన్న. దాని పిప్పి దాణాకు పనికొస్తుంది, నిజమే. కానీ ఆ మొక్కజొన్న పండిన నేల, తాగిన నీళ్లు, ఫ్యాక్టరీ వదిలే మురుగు ఎవరి లెక్కలో పడతాయి? నారాయణపేట జిల్లా చిత్తనూరులో, నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్‌లో ఇథనాల్ ఫ్యాక్టరీ వద్దని ఊళ్లు రోడ్డెక్కింది ఈ ప్రశ్నతోనే.

నాలుగు: అన్నింటికీ వేరు

ఇంత గొలుసు విప్పాక అసలు వేరు దగ్గరికొస్తాం. బుద్ధుడు అకుశలానికి మూడు వేర్లు చెప్పాడు. లోభం, ద్వేషం, మోహం. మూడూ ఇక్కడ కనిపిస్తాయి.

లోభం: అవసరానికి మించి పోగుచేయడం. అగ్గఞ్ఞ సుత్తంలో ఒక కథ ఉంది. తొలి మనుషులు పూట పూటకూ కావలసినన్ని వడ్లు తెచ్చుకునేవారు, కోసినచోట మళ్లీ పండేవి. ఒకడు రెండు రోజులకు సరిపడా తెచ్చుకున్నాడు. అతన్ని చూసి ఇంకొకడు నాలుగు రోజులకు, మరొకడు ఎనిమిది రోజులకు. అప్పటి నుంచి గింజకు ఊక పట్టింది, కోసిన చోట మళ్లీ మొలవలేదు. పోగుచేయడం మొదలైతే నేల ఎలా స్పందిస్తుందో అంత పాత కాలంలోనే చెప్పారు.

ద్వేషం: అడ్డొచ్చినవాణ్ణి చంపడం. షికో మెండెస్ రబ్బరు పాలు తీసే కూలీ, కూలీల సంఘం నాయకుడు. రంపాల ముందు ఆడా మగా పిల్లలతో కలిసి నిలబడి నరికివేతను అడ్డుకున్నాడు. 1988 డిసెంబరు 22న ఇంటి దగ్గరే కాల్చి చంపారు. శిక్ష పడింది ఒక పశువుల ఆసామికి, అతని కొడుకుకి. 2005 ఫిబ్రవరి 12న డొరొతీ స్టాంగ్ అనే 73 ఏళ్ల సన్యాసినిని, పేద రైతుల పక్షాన నిలబడినందుకు అడవి దారిలోనే కాల్చేశారు.

మోహం: పేరు చూసి మోసపోవడం. అడవి తగలబెట్టి తీసిన నూనెకు పచ్చ ఇంధనం అని పేరు. ఊరందరూ పశువుల్ని మేపుకునే నేలకు బంజరు అని పేరు. ఆదివాసీలున్న అడవికి ఖాళీ అని పేరు. పేరు మారిస్తే కబ్జా అభివృద్ధి అవుతుంది.

మూడో సత్యం: ఇది ఆగుతుందా?

ఆగుతుంది. నమ్మకంతో చెప్పడం లేదు, లెక్కతో చెబుతున్నాను. మొదట చెప్పిన నాలుగు అంకెల్ని ఇప్పుడు తీయండి.

2004లో 27 వేలు. 2012లో 4,600. మధ్యలో ఏం జరిగింది? చెట్టు నరికిన కొద్ది రోజుల్లోనే ఉపగ్రహం పట్టేసే ఏర్పాటు వచ్చింది. అధికారులు వెంటనే వెళ్లి జరిమానాలు వేశారు. కొత్తగా రక్షిత అడవులు, ఆదివాసీ ప్రాంతాలు ప్రకటించారు. 2006లో, కొత్తగా నరికిన అమెజాన్ నేలలో పండిన సోయా కొనబోమని పెద్ద వ్యాపారులు ఒప్పుకోవాల్సి వచ్చింది. 2008 నుంచి అమెజాన్‌లో నియమాలు పాటించని ఆసాములకు బ్యాంకు అప్పు ఆపేశారు. ఈ పని మొదలుపెట్టిన పర్యావరణ మంత్రి మరీనా సిల్వా. రబ్బరు కూలీల బిడ్డ. పదహారేళ్లకు అక్షరాలు దిద్దుకున్న మనిషి. షికో మెండెస్‌తో కలిసి పోరాడిన మనిషి. అడవి నరకడం తగ్గినా సోయా పంట పెరిగింది, దేశం ఆకలితో చావలేదు.

మరి 2021లో 13 వేలకు ఎందుకు పోయింది? 2019 నుంచి వచ్చిన ప్రభుత్వం తనిఖీలు సడలించింది, జరిమానాలు తగ్గాయి, కబ్జాదారులకు ధైర్యం వచ్చింది. 2023లో ప్రభుత్వం మారి నిఘా మళ్లీ బిగిసింది. 2024కి 6,300.

చూశారా? కారణం తీస్తే కార్యం తగ్గింది. కారణం తిరిగొస్తే కార్యం తిరిగొచ్చింది. మళ్లీ తీస్తే మళ్లీ తగ్గింది. కార్యకారణ సూత్రానికి ఉపగ్రహం తీసిన ఫొటో ఇది. అయితే గెలిచామని చంకలు గుద్దుకోవద్దు. నరకడం తగ్గిన 2024లోనే కరువు వల్ల మంటలు విపరీతంగా చెలరేగాయి. పాత కర్మ ఫలితం కొత్త పనితో వెంటనే చెరిగిపోదు.

ఇంకో మాట. ఉపగ్రహ చిత్రాల్లో ఆదివాసీల ప్రాంతాలు పచ్చని దీవుల్లా కనిపిస్తాయి, చుట్టూ గోధుమరంగు పచ్చిక. మన దగ్గర అడవి పోయిందంటే పోడు చేసుకునే ఆదివాసీ మీదే మొదట వేలు చూపిస్తారు. ఆ వేలు చూపించేవాళ్లకు ఈ చిత్రం చూపించండి.

మధ్యలో ఒక ప్రశ్న: మరి గొడ్డు మాంసం మానెయ్యాలా?

ఈ పాఠం చెప్పిన ప్రతిచోటా ఈ ప్రశ్న వస్తుంది. దాటేయకుండా మాట్లాడుకుందాం. ఎందుకంటే అమెజాన్ లెక్కలు చూపించి, మన వాడల్లో కూర వండుకునే తల్లుల్ని అవమానించడానికి కాచుకుని ఉన్నవాళ్లు ఉన్నారు.

మన దగ్గర మాంసానికి వచ్చే పశువులు చాలావరకు పాలో, చాకిరీయో అయిపోయాక వచ్చేవే. వాటి కోసం అడవి నరికి పచ్చిక వేసిన చరిత్ర మనకు లేదు. అక్కడి క్షేత్రాన్నీ, ఇక్కడి కుండనీ ఒకే తాట కట్టడం సమ్యక్ దృష్టి కాదు. భిక్షువులందరూ మాంసం మానాలని నియమం పెట్టమని దేవదత్తుడు పట్టుబట్టినప్పుడు బుద్ధుడు ఒప్పుకోలేదు, ఎవరి ఇష్టానికి వాళ్లను వదిలాడు. బాబాసాహెబ్ "బుద్ధుడు – ఆయన ధమ్మం" గ్రంథంలో అవసరం కోసం చంపడాన్నీ, చంపాలన్న కోరికతో చంపడాన్నీ వేరుచేసి చూపించారు.

అదే సమయంలో ఇంకో సంగతి కూడా దాచకూడదు. ఉపాసకులు చేయకూడని ఐదు వ్యాపారాల్లో ప్రాణుల వ్యాపారం, మాంస వ్యాపారం ఉన్నాయి. నాకర్థమైనంతలో దాని భావం ఇది. ప్రాణాన్ని సరుకు చేసి లాభానికి వదిలేస్తే ఆ లాభానికి హద్దుండదు. అమెజాన్‌లో జరిగింది సరిగ్గా అదే. ఎవరైనా కరుణతో మాంసం మానేస్తే మంచిదే, గౌరవిద్దాం. తినేవాణ్ణి నీచంగా చూడటానికి మానేస్తే, అందులో కరుణ లేదు, కులమే ఉంది.

నాలుగో సత్యం: మనం ఏం చేయాలి?

రెండు అంచులున్నాయి. నేనొక్కణ్ణీ మారితే లోకం మారుతుందనుకోవడం ఒకటి. ఏం చేసినా ఏమీ మారదనుకోవడం రెండోది. మధ్యేమార్గం ఇంటి నుంచి మొదలై సంఘం దాకా పోతుంది.

ఇంట్లో: నూనె ప్యాకెట్, బిస్కెట్ ప్యాకెట్ వెనక్కి తిప్పి చదవండి. పామోలిన్, పామాయిల్ ఎన్ని చోట్ల ఉందో చూడండి. పేదవాడి పొయ్యి మీద పామోలిన్ ఉండటం అతని తప్పు కాదు, చవకగా దొరికేది అదే. పామాయిల్ మానేసి సోయా నూనె కొనడం కూడా పరిష్కారం కాదు. ఎకరానికి పామ్ ఇచ్చేంత నూనె సోయా ఇవ్వదు, అదే నూనెకు ఇంకా ఎక్కువ నేల కావాలి. అసలు వాడకం తగ్గించడం, వీలైతే మన నేలలో పండిన వేరుశనగ, నువ్వుల నూనె కలుపుకోవడం మంచిది. గుండెకూ మంచిదే.

ఊళ్లో: మీ ఊరి బంజరు, పోరంబోకు, కుంట శిఖం ఎంత ఉందో రెవెన్యూ రికార్డు అడిగి తీసుకోండి. "పనికిరాని భూమి" అని రాసినచోట ఎవరు మేపుకుంటున్నారో, ఎవరు పుల్లలు ఏరుకుంటున్నారో మీరే రాసిపెట్టండి. అడవి ఊళ్లయితే 2006 అటవీ హక్కుల చట్టం గ్రామసభకు హక్కులిచ్చింది. ఆ సభకు హాజరవ్వండి, తీర్మానం చదివే సంతకం పెట్టండి.

సంఘంగా: ఏ కారులో ఏ పచ్చ ఇంధనం పోయాలన్నది చిన్న ప్రశ్న. ఊరికి బస్సు ఎందుకు లేదన్నది పెద్ద ప్రశ్న. ఆర్టీసీ బస్సు అడగడం కూడా పర్యావరణ ఉద్యమమే. ఇథనాల్ ఫ్యాక్టరీ వస్తుందంటే నీళ్లెక్కడివి, మురుగెక్కడికి, ప్రజాభిప్రాయ సేకరణ ఎప్పుడు జరిగింది అని రాతపూర్వకంగా అడగండి.

చెట్లు నాటండి, కానీ తోటను అడవి అనుకోకండి. కర్నూలు జిల్లా ఎర్రగుడి బండ మీద అశోకుడి శాసనాలున్నాయి. మనుషులకూ పశువులకూ వైద్యం, మందు మొక్కలు తెప్పించి నాటించడం, దారుల పక్కన చెట్లు, బావులు. ఇవన్నీ రాజు తన పనిగా రాయించుకున్నాడు. తన స్తంభ శాసనాల్లో ఒకదానిలో, ఊరికే గానీ ప్రాణుల్ని చంపడానికి గానీ అడవులకు నిప్పు పెట్టవద్దని ఆజ్ఞాపించాడు. రెండు వేల రెండు వందల ఏళ్లకు పైగా గడిచాయి. ఆ బండ ఇంకా ఉంది. ఒకసారి మీ బృందంతో వెళ్లి చూసి రండి.

చర్చకు ప్రశ్నలు

1. మీ ఇంట్లో నెలకు ఎన్ని కిలోల నూనె వాడుతున్నారు? అందులో పామాయిల్ ఎంత?

2. "సోయా చేతులకు మసి అంటదు" అన్న మాటను మీ ఊరి ఉదాహరణతో వివరించండి.

3. 2004, 2012, 2021, 2024 అంకెల్ని బోర్డు మీద రాసి, ప్రతి మార్పుకీ కారణం చెప్పండి.

4. ఒంగోలు పశువు ఇక్కడ రైతుకు తోడైంది, అక్కడ అడవికి చేటైంది. తేడా ఎక్కడ ఉంది?

5. మీ ఊళ్లో "ఖాళీ", "బంజరు" అని పిలిచే నేల మీద నిజానికి ఎవరు బతుకుతున్నారు? వచ్చే తరగతికి పేర్లతో జాబితా రాసి తీసుకురండి.

జై భీమ్. నమో బుద్ధాయ.